తాళం లేని పెట్టెలో మనవాళ్ల పేర్లు

మా సంఘం ల్యాప్‌టాప్ మూడు రోజులు కనబడకుండా పోయింది. పలాస నుంచి షేర్ ఆటోలో వస్తూ మా కుర్రాడు బ్యాగు మరిచిపోయి వజ్రపుకొత్తూరులో దిగిపోయాడు. మూడో రోజు ఎవరో ఒక టీ కొట్టులో అప్పగించి పోతే తిరిగి మా చేతికొచ్చింది. పెట్టె బాగానే ఉంది. ఛార్జరు ఉంది. పక్క జేబులో పెట్టిన కరపత్రాలు కూడా ఉన్నాయి. ‘దొరికింది గదా, ఇంకేటి భయం’ అనుకున్నాం అందరం.

ఆ సాయంత్రం ఒక అప్ప మా ఇంటికొచ్చింది. ఒక అట్రాసిటీ కేసులో సాక్షి ఆమె. ఏ ఊరో, ఏ కేసో రాయను. ఎందుకు రాయనో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

“మేస్టారూ, నాను సెప్పిందంతా ఆ పెట్టిలోనే గదా రాసినారు?”

“అవునప్పా.”

“నా పేరు కూడానా?”

“పేరు కూడా.”

“మరి ఆ మూడు రోజులూ దాన్ని ఎవులు సూసినారో మీకు తెలుసా?”

తెలియదు. ఆమాటే చెప్పాను.

“మేం పొలానికెల్తే గుడిసెకి కూడా తాళం ఎట్టి ఎల్తాం. ఇంత సదువుకున్నోలు, దానికి తాళం ఎయ్యలేదా మీరు?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఆ అప్పకు నేను బాకీపడ్డ జవాబు. మన జిల్లాలో, మన రాష్ట్రంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్న ప్రతి దళిత సంఘం కూడా ఆమెకు ఈ జవాబు బాకీ ఉంది.

పాస్‌వర్డ్ ఉంది గదా?

మా కార్యకర్తలు అన్నారు, “మేస్టారూ, పాస్‌వర్డ్ ఉంది గదా, ఎవరూ తెరవలేరు” అని. నేనూ అదే నమ్మాను. మర్నాడు కంప్యూటర్లు బాగుచేసే మనవాడొకడి దగ్గరకు పట్టుకెళ్లాను. “పాస్‌వర్డ్ చెప్పను, లోపలేముందో తీసి చూపించు తమ్మీ” అన్నాను. వాడు వెనక మరలు విప్పాడు. హార్డ్ డిస్కు బయటికి తీశాడు. ఒక కేబులుతో తన కంప్యూటరుకి తగిలించాడు. మేం టీ తాగేలోపు మా ఫైళ్లన్నీ వాడి తెర మీద ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. మాది పాత రకం హార్డ్ డిస్కు కావడంతో, మేం ఎప్పుడో చెరిపేశామనుకున్న కాగితాలు కూడా కొన్ని తిరిగొచ్చాయి.

అప్పుడర్థమైంది. మామూలు పాస్‌వర్డ్ వీధి గుమ్మం దగ్గర కూచున్న కావలివాడు మాత్రమే. వెనక గోడే లేని ఇంటికి ముందు కావలివాణ్ణి పెట్టి మనం హాయిగా నిద్రపోతున్నాం.

లోపలేమున్నాయి? బాధితుల వాంగ్మూలాలు. సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇప్పుడు ఎవరింట్లో తలదాచుకున్నారో ఆ వివరం. కుల ధ్రువపత్రాలు, ఆధార్ నకళ్లు. జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్లు కూలి గురించి, మేస్త్రీల ప్రవర్తన గురించి మమ్మల్ని నమ్మి చెప్పిన సంగతులు. ఉద్దానం పల్లెల్లో మేం ఇంటింటికీ తిరిగి రాసుకున్న కిడ్నీ రోగుల జాబితా, వాళ్ల క్రియాటినిన్ అంకెలతో సహా.

ఈ చివరిదాని సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు తగలని ఊరు లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. దానికి చాలా ముందునుంచే ‘ఫలానా ఇంట్లో కిడ్నీ ఉందట’ అన్న మాట పొక్కితే చాలు, ఆ ఇంటి పిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోయేది. అప్పిచ్చేవాడు చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఆ జాబితా మన చేతిలో ఉంటే నీళ్ల కోసం, మందుల కోసం పోరాడే ఆయుధం. పరాయి చేతిలో పడితే ఆ ఇళ్ల మీద అచ్చు.

‘మనకు దాచుకునేదేముంది?’

ఈ మాట మన పెద్దలే అంటున్నారు. మన ఉద్యమం బహిరంగం, మన సభలు బహిరంగం, చట్టం ప్రకారం పోతున్నాం, తాళాలు వేసుకోవడానికి మనమేమైనా దొంగలమా అని.

నిజమే, ఉద్యమం బహిరంగమే. కానీ బాధితురాలి ఇల్లు బహిరంగం కాదు. సాక్షి చిరునామా బహిరంగం కాదు. 1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను చంపారు. ఆ కేసులో ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మ. ఆమెనీ తర్వాత చంపేశారు. సాక్షి ఎవరో తెలిస్తే పెత్తందారీ కులం ఏం చేయగలదో అలీసమ్మ చావు మనకు నేర్పింది. 2012 జూన్ 12న అప్పటి మన జిల్లాలోనే, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. అక్కడ సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు చంపినవాళ్ల ఊళ్లోనే బతకాలి. దళితుల కేసుల్లో ఎప్పుడూ ఉండే కష్టం ఇదే. సాక్షి పట్నం పారిపోలేడు. అదే చెరువు, అదే రోడ్డు, అదే కూలి.

ఈ సంగతి చట్టానికి కూడా తెలిసొచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చి, 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. అందులో 15ఏ సెక్షన్ చేర్చారు. బాధితుల హక్కులు, సాక్షుల హక్కులు దాంట్లో ఉన్నాయి. సాక్షుల పేర్లు, చిరునామాలు ఉత్తర్వుల్లోనూ, జనానికి అందుబాటులో ఉండే కేసు రికార్డుల్లోనూ కనబడకుండా చూసే అధికారం ప్రత్యేక కోర్టుకు ఇచ్చారు. కోర్టే దాచగలిగిన పేరును మనం ఆటో సీటు మీద వదిలేసి దిగిపోతే మనల్ని ఏమనాలి?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ హక్కు బంగళాల్లో ఉండేవాళ్ల కోసమే కాదు. మాలపేటలో, మాదిగవాడలో ఒక ఆడమనిషి తనకు జరిగిన అవమానాన్ని మన చెవిలో చెబితే, ఆ మాట ఆమెది. మనది కాదు. మనం దాన్ని కాపలా కాసేవాళ్లం, అంతే.

కరణం పెట్టె

మన తండ్రులకు పెట్టె అంటే కరణం పెట్టే. అడంగల్, చిట్టా, ఊరి లెక్కంతా కరణం ఇంట్లో పెట్టెలో ఉండేది. తాళం ఆయన మొలలో ఉండేది. మన తాతలు దున్నిన భూమి ఎవరి పేరు మీదుందో చూడాలన్నా ఆయన గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడాల్సిందే. తాళం ఎవడి దగ్గరుంటే భూమి వాడిదయింది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మునసబు కరణాల వ్యవస్థను రద్దు చేసింది గానీ, అప్పటికే ఎన్ని కుంటలు చేతులు మారిపోయాయో మన ముసలివాళ్లనడగండి.

చరిత్రలో మొదటిసారి మన లెక్క మనం రాసుకుంటున్నాం. మన పెట్టె మన దగ్గరుంది. దానికి తాళం లేకపోవడం ఎంత తప్పో, ఆ తాళం మళ్లీ ఒక్కడి మొలలో వేలాడటం కూడా అంతే తప్పు. ఈ రెండో మాట దగ్గరకు చివర్లో వస్తాను.

అసలు ఈ తాళం ఏమిటి?

దీన్ని డిస్క్ ఎన్‌క్రిప్షన్ అంటారు. పేరు చూసి బెదిరిపోవద్దు. డిస్కులో రాసే ప్రతి అక్షరాన్నీ ఒక తాళపుచెవితో కలగాపులగం చేసి రాయడమే ఇది. సరైన పాస్‌వర్డ్ ఇస్తేనే ఆ చెవి బయటికొస్తుంది, అక్షరాలు మామూలుగా కనబడతాయి. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకి తగిలించినా చెత్త తప్ప ఏమీ కనబడదు. ఈ తాళపుచెవి ఒక పెద్ద సంఖ్య. 256 బిట్ల చెవి అయితే ఎన్ని రకాల చెవులు సాధ్యమో చెప్పడానికి 78 అంకెల సంఖ్య కావాలి. ఒక్కొక్కటీ ప్రయత్నించి తెరవడం ఎవరి తరమూ కాదు. అందుకే దొంగ చెవి జోలికి పోడు, మన పాస్‌వర్డ్ ఊహిస్తాడు. మనవాళ్ల పాస్‌వర్డ్‌లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ‘జైభీమ్’ అని కొట్టి పక్కన ఏప్రిల్ 14 తేదీ వేస్తారు. మన శత్రువుకీ అంబేద్కర్ జయంతి ఎప్పుడో తెలుసు నాయనా! సంబంధం లేని అయిదారు మాటలు ఎంచుకోండి, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. పిల్లల పేర్లు వద్దు, పుట్టినరోజులు వద్దు.

ఏ తాళం ఎంచుకోవాలి? మా సంఘంలో దీనిమీద రెండు రాత్రులు వాదన జరిగింది.

విండోస్ ప్రో ఉన్న ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ అని ఉంటుంది. విండోస్ హోమ్ ఉన్న చాలా కొత్త ల్యాప్‌టాప్‌ల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. సులువు. డబ్బు అక్కర్లేదు. లోపం ఏమిటంటే, పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే 48 అంకెల రికవరీ కీ చాలాసార్లు మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి కూచుంటుంది. కంపెనీ దగ్గర చెవి ఉంటే, చట్టం అడిగినప్పుడు కంపెనీ ఇస్తుంది. రెండో లోపం, మామూలుగా పెడితే మీట నొక్కగానే డిస్కు తాళం దానంతటదే తెరుచుకుని, తర్వాతే విండోస్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్రోలో అయితే ముందే పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు.

వెరాక్రిప్ట్ ఉచితం. దాన్ని ఎలా రాశారో ఎవరైనా చదివి చూసుకోవచ్చు. చెవి ఏ కంపెనీకీ పోదు. పాత ల్యాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. కానీ నేర్చుకోవాలి, మరిచిపోతే కాపాడేవాడు లేడు. ఇక లినక్స్. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మన సంఘాల దగ్గరున్న పాత పెట్టెలకు లినక్స్ మింట్ లాంటిది ఎక్కించుకోవచ్చు. ఎక్కించేటప్పుడే డిస్కు మొత్తానికి తాళం వేయమంటారా అని అడుగుతుంది. అవునంటే చాలు.

కుర్రాళ్లు లినక్స్ అన్నారు. పెద్దలు అలవాటైన విండోస్ వదలమన్నారు. నా మాట ఇది: వేయని గొప్ప తాళం కంటే వేసిన మామూలు తాళం మేలు. మీ పెట్టెలో ఉన్నదేదో ఈ రోజే వేయండి. రికవరీ కీని కాగితం మీద రాసుకుని కంపెనీ ఖాతాలోంచి తీసేయండి. సాక్షుల ఫైళ్లు మాత్రం వెరాక్రిప్ట్‌తో ఇంకో చిన్నపెట్టె చేసి దాంట్లో పెట్టండి. ఇంటికి తాళం ఉన్నా, లోపల ట్రంకుపెట్టెకి ఇంకో తాళం వేస్తాం గదా, అలాగ. చేతికి వచ్చిన కొద్దీ లినక్స్ నేర్చుకుందాం.

పెన్ డ్రైవులు మరవొద్దు. తాళం వేసిన ల్యాప్‌టాప్‌లోంచి తీసి తాళం లేని పెన్ డ్రైవులో పెట్టుకుని జెరాక్సు షాపుకెళ్తే మొత్తం శ్రమ సముద్రంలో పోసినట్టే.

తాళం ఆపలేనివి

అబద్ధం చెప్పకూడదు. ఈ తాళం అన్నిటినీ ఆపదు.

ల్యాప్‌టాప్ తెరిచి పనిచేస్తున్నంతసేపూ తాళం తెరిచే ఉంటుంది. మూత వేసి నిద్రపుచ్చితే చాలదు, పూర్తిగా ఆపేయాలి. బస్సెక్కేముందు, నిద్రపోయేముందు ఆపేయాలి.

ఈమెయిల్లో వచ్చిన వైరసును తాళం ఆపదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ పరిశీలించింది. నెట్‌వైర్ అనే వైరసు ద్వారా బయటివాళ్లు అందులోకి చొరబడి ఉత్తరాలు పెట్టారని 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన నివేదికలో చెప్పింది. ప్రాసిక్యూషన్ దాన్ని ఒప్పుకోలేదు. స్టాన్ స్వామి కస్టడీలోనే 2021 జూలై 5న చనిపోయారు. ఆయన కంప్యూటరులోనూ అలాగే పెట్టారని అదే సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. కాబట్టి ముక్కూమొహం తెలియని మెయిలులో వచ్చిన ఫైలు తెరవొద్దు, ఎంత ఉద్యమ భాషలో రాసినా సరే.

పెట్టెనే పట్టుకుపోతే తాళం ఆపదు. 2018 ఆగస్టు 28న హైదరాబాదులో దళిత సాహిత్య అధ్యాపకుడు కె.సత్యనారాయణ ఇంటి మీదికి పూణే పోలీసులు వచ్చారు. ఆయన ఆ కేసులో నిందితుడు కాదు. ఇంట్లో దేవుళ్ల బొమ్మలు లేకుండా ఫూలే, అంబేద్కర్ బొమ్మలెందుకున్నాయని అడిగారని ఆయనే పత్రికలకు చెప్పారు. ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కులు తీసుకుపోయారు. ఏళ్ల తరబడి చేసిన పరిశోధన, రాత వాటితోపాటే పోయింది. తాళం ఉంటే పరాయివాడు చదవలేడు, కానీ రాసినవాడికి రాత తిరిగి రాదు. దానికి నకలు కావాలి, నకలుకీ తాళం కావాలి, ఆ నకలు వేరే ఊళ్లో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని దాటిన రాత్రి ఎన్ని ఇళ్లలో కాగితాలు పప్పయిపోయాయో మనకు గుర్తుంది. అంబేద్కర్ రాతప్రతులు ఆయన పోయాక ఏళ్లకేళ్లు పెట్టెల్లో మగ్గాయి. 1979లో మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలు అచ్చువేయడం మొదలుపెట్టే సరికి కొన్నింటిలో పేజీలే లేవు. ఆ పేజీలు మనకిక రావు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. డిస్కుకు తాళం వేసుకోవడం నేరం కాదు. అయితే ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం అధికారికంగా ఆదేశిస్తే తెరవడానికి సహకరించాలి, కాదంటే ఏడేళ్ల వరకూ జైలు ఉంది. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. ఈ రెండిటి మధ్యా ఎక్కడ నిలబడాలో వకీలు చెప్పాలి, కంగారులో మనం తేల్చుకోకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలి. అడగండి. ఏమేం తీసుకుంటున్నారో జాబితా అడగండి. డిస్కుకు హాష్ విలువ తీసి రాసివ్వమనండి. అది డిస్కు వేలిముద్ర లాంటిది. తర్వాత ఎవరు లోపల ఒక్క అక్షరం కలిపినా ఆ ముద్ర మారిపోతుంది.

తాళపుచెవి ఎవరి దగ్గర?

వాదనలో చివరికి మిగిలింది ఇదే. మా పెద్దాయనొకరు “పాస్‌వర్డ్ నా దగ్గరుంటే చాలు, నన్నడిగి తెరవండి” అన్నారు. ఆయన మంచి మనిషి, ముప్పై ఏళ్లుగా ఉద్యమంలో ఉన్నారు. ఆయనంటే నాకు గౌరవం. అయినా నేను కాదన్నాను. మరో కుర్రాడు “కంప్యూటర్ నాకే వచ్చు గదా, నా దగ్గరే ఉంచండి” అన్నాడు. వాడినీ కాదన్నాను.

ఒక్కడి దగ్గర ఉంటే ఆ ఒక్కడు జబ్బుపడితే? అలిగి పార్టీ మారితే? బతుకుదెరువుకి దేశం పోతే? మన సంఘాలు ఎందుకు చీలాయో, ఏ నాయకుడు పోతూ పోతూ రసీదు పుస్తకాలు, ఫొటోలు ఎలా పట్టుకుపోయాడో నేను చెప్పాలా? ఒకరి మొలలో తాళం వేలాడితే ఆయన మనవాడైనా కరణమే అవుతాడు. కులం పేరు మారుతుంది గానీ పెట్టె కథ మారదు.

మా సంఘం తేల్చుకున్నది ఇది. పాస్‌వర్డ్ ముగ్గురికి తెలుస్తుంది, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి. రికవరీ కీ రెండు కాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, మీద సంతకాలు చేసి, రెండు వేరువేరు ఊళ్లలో ఉంచుతాం. ముగ్గురిలో ఎవరు సంఘం వదిలినా ఆ రోజే పాస్‌వర్డ్ మారుస్తాం, చిన్నపెట్టె కొత్తగా చేసుకుంటాం. సాక్షి ఫైలులో పేరు బదులు అంకె రాస్తాం, ఆ అంకె ఎవరిదో చెప్పే కాగితం ల్యాప్‌టాప్‌లో ఉండదు. కేసు ముగిశాక, వకీలు అక్కర్లేదన్నాక, ఆ ఆధార్ నకళ్లు చెరిపేస్తాం. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు.

ఇందులో కష్టమేమీ లేదు. మాకు ఒక ఆదివారం పట్టింది. ముందు ఫైళ్లకు నకలు తీశాం. ఛార్జరు పెట్టి, కరెంటు పోదనుకున్న వేళ చూసి మొదలుపెట్టాం. సాయంత్రానికి పూర్తయింది.

ఈ దేశంలో అక్షరాలకు తాళం వేసింది మనమీద. వింటే చెవిలో సీసం పోయాలన్నారు. ఇప్పుడు అక్షరం మన చేతికొచ్చింది. మనవాళ్ల కన్నీళ్లు, పేర్లు, సంతకాలు దాంట్లో ఉన్నాయి. వాటికి తాళం వేయడం రహస్య రాజకీయం కాదు, నమ్మినవాళ్లపట్ల బాధ్యత. ఈ సంచిక అందిన ప్రతి సంఘం వచ్చే సమావేశంలో మొదటి అంశంగా దీన్ని పెట్టుకోవాలి. మన ల్యాప్‌టాప్‌కి తాళం ఉందా, చెవి ఎందరి దగ్గరుంది, నకలు ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాసుకున్నాకే మిగతా సంగతులు.

మొన్న ఆ అప్ప మళ్లీ కనబడింది. తాళం వేశామని చెప్పాను. ఆమె నవ్వలేదు, మెచ్చుకోనూలేదు. “బేగి ఎయ్యాల్సింది గదా మేస్టారూ” అంది. ఆ మూడు రోజులు ఎవరు చూశారో ఇప్పటికీ మాకు తెలియదు. ఆమె మాత్రం వచ్చే వాయిదాకి సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వస్తానంది.

జై భీమ్!